పాత తూటా – మన ఎండలు

దీపావళికి రెండు మూడు రోజుల ముందు మన ఇండ్లలో ఒక చిన్న వేడుక జరుగుతుంది. పెద్దవారు టపాకాయలను, మతాబులను, చిచ్చుబుడ్లను చాటలలో పరచి డాబామీద ఎండలో పెడతారు. పిల్లలు వాటి చుట్టూ కాపలా తిరుగుతారు. ఎండ తగలని చిచ్చుబుడ్డి పండుగనాడు తుస్సుమని ఊరుకుంటుందని ఇంటిల్లిపాదికీ తెలుసు. మందుకు తడి శత్రువు, ఎండ మిత్రము. ఈ సూత్రము ఈనాటిది కాదు. ఫిరంగులు పుట్టిన నాటినుండి సైనికుల నోట నిలిచినదే. అయితే సుమారు 140 సంవత్సరాల క్రిందట తుపాకిమందు స్వభావమే మారిపోయినది. ఆనాటినుండి తూటాకు ఎండ కూడ శత్రువైనది. ఈ మార్పును గ్రహించినవారు బాగుపడినారు. గ్రహించనివారు ప్రాణాలతో మూల్యము చెల్లించినారు. పాత తూటా పాత తుపాకిలో ఎట్లా ప్రవర్తిస్తుంది, ఎందుకట్లా ప్రవర్తిస్తుంది అన్న విషయమును మనము ఈ ప్రసంగములో విచారింతము.

ఈ కథకు మన ప్రాంతముతో సంబంధము లేకపోలేదు. దౌల్తాబాదు నేడు వికారాబాదు జిల్లాలోని మండలకేంద్రము. చుట్టుపట్ల కొడంగల్, తాండూరు తాలూకాలు 1956 వరకు గుల్బర్గా జిల్లాలో ఉండేవి. కందిచేలకు, నాపరాళ్ళకు పేరుపడిన ఈ నేలమీదుగా 1874లో వాడి నుండి సికిందరాబాదుకు నిజాం రైలుమార్గము పడినది. పూనా పక్కనున్న కిర్కీలో 1869లో వెలసిన మందుగుండు కర్మాగారము నుండి సికిందరాబాదు దండుకు రైలుమీద సరుకు రావలెనన్న తిన్నని దారి ఇదే. వేసవిలో తాండూరు స్టేషనులో ఒక ఇనుప వ్యాగను ఒక పగలు నిలిచిన యెడల దాని లోపల ఎంత ఉడుకు పుడుతుందో ఈ ప్రాంతమువారికి వేరుగా చెప్పనక్కరలేదు. నాపరాతి అరుగుమీద మధ్యాహ్నము కాలు మోపినవారందరికీ తెలిసినదే.

తూటా చూచుటకు ఒక్క వస్తువు. నిజానికి అది నాలుగు వస్తువుల కూటమి. పైన సీసముతో చేసి లోహపు తొడుగు వేసిన గుండు, దానిని పట్టి ఉంచే ఇత్తడి గుల్ల, గుల్లలోపల మందు, గుల్ల అడుగున రవ్వను పుట్టించే చిన్న టోపీ. తుపాకి మీట నొక్కగానే సూది టోపీని పొడుస్తుంది, టోపీ మంటను చిమ్ముతుంది, మందు మండి వాయువై గుండును నెడుతుంది. గుండుకు ముసలితనము లేదనే చెప్పవచ్చును. తక్కిన మూడింటికీ ఉన్నది. అది ఒక్కొక్కదానికి ఒక్కొక్క తీరున వస్తుంది. ఇత్తడి పగులుతుంది, మందు కుళ్ళుతుంది, టోపీ మొద్దుబారుతుంది. పైకి మాత్రము తూటా మెరుస్తూనే ఉంటుంది. చిక్కంతా ఇక్కడే ఉన్నది.

పాత తుపాకిమందు సూరేకారము, గంధకము, బొగ్గు కలిపి నూరినది. హైదరాబాదులో జనరల్ రేమండు నెలకొల్పిన తోపుల కార్ఖానా పేరు నేటికీ గన్‌ఫౌండ్రీ అనే పేటకు నిలిచి ఉన్నది. ఆ కాలపు ఫిరంగులకు, పల్లెలలో భర్మారు అని పిలిచే మూతినుండి దట్టించే తుపాకులకు వాడినది ఈ మందే. దీని గుణము సరళమైనది. తడిస్తే పనిచేయదు, ఆరితే పనిచేస్తుంది. పొడిగా దాచిన యెడల తరతరాలు నిలుస్తుంది. తరువాత మందును, గుండును కాగితములో చుట్టి తూటా చేసినారు. ఆ కాగితానికి పూసిన కొవ్వే 1857 నాటి సిపాయీల ఆగ్రహమునకు ఒక కారణమైనదని మనమందరము చదువుకున్నాము. కాగితపు తూటా నీటికి లొంగేది. అందుచేత ఇత్తడి గుల్ల వచ్చినది. ఇత్తడికి తుప్పు లేదు, నీరు చొరదు, ఇక భయము లేదని అందరూ అనుకున్నారు.

ఆ ధీమాను మన దేశపు వానకాలమే వమ్ము చేసినది. లోహశాస్త్ర గ్రంథాలలో ఈ ఉదంతము ప్రసిద్ధము. పందొమ్మిదవ శతాబ్దిలో భారతదేశములోని ఆంగ్ల సేనలు వానకాలములో కవాతులు తగ్గగానే తూటాలను గుర్రపుశాలలలో భద్రపరచేవి. వానలు వెలసిన తరువాత తీసి చూడగా గుండును గుల్ల కరచిపట్టిన మెడవద్ద సన్నని పగుళ్ళు కనిపించినవి. ఎవరూ కొట్టలేదు, ఎవరూ వంచలేదు. ఇత్తడి తనంతట తాను చీలినది. ఋతువునుబట్టి వచ్చే జబ్బు గనుక ఆంగ్లములో దానికి ‘సీజన్ క్రాకింగ్’ అని పేరు పెట్టినారు. కారణము మాత్రము చాలాకాలము దొరకలేదు. 1921లో మూర్, బెకిన్‌సేల్, మల్లిన్‌సన్ అనే ముగ్గురు శాస్త్రజ్ఞులు దానిని తేల్చినారు. గుర్రపు మూత్రమునుండి పుట్టే అమోనియా వాయువు తేమతో కలిసి, లోపల బిగువు మిగిలిన ఇత్తడిని కొరుకుతున్నది. గుల్లను సాగదీసి చేసినప్పుడు లోహములో బిగువు నిలిచిపోతుంది. దానిని కొద్దిగా కాచి చల్లార్చిన యెడల బిగువు వదులుతుంది. సైనిక తూటాల మెడవద్ద నేడు కనిపించే నీలిగోధుమ రంగు చాయ ఆ కాచినదాని గుర్తే. మన దేశపు గుర్రపుశాలల పాఠము ఈనాడు ప్రపంచములోని ప్రతి తూటా మెడమీద వ్రాయబడి ఉన్నది.

ఇక మందు సంగతి. 1884లో ఫ్రెంచి దేశీయుడు పాల్ వియే పొగరాని మందును కనిపెట్టినాడు. 1889లో బ్రిటిషువారైన ఫ్రెడరిక్ ఏబెల్, జేమ్స్ డ్యూయర్ కార్డైటును తయారుచేసినారు. దానిలో నూటికి 58 పాళ్ళు నైట్రోగ్లిసరిన్, 37 పాళ్ళు తుపాకిపత్తి, 5 పాళ్ళు ఖనిజతైలపు జిగురు. చూచుటకు అది మన సేమియావలె సన్నని పుల్లలుగా ఉంటుంది. పాయింట్ త్రీనాట్‌త్రీ అని మనము పిలిచే రైఫిలు తూటాలో ఈ పుల్లల కట్ట నిలువుగా నిండి ఉండేది. బలములో పాత మందును ఇది ఎంతో మించినది. పొగ లేదు, మసి తక్కువ. నీలగిరులలోని అరువంకాడులో ఇరవయ్యవ శతాబ్ది ఆరంభములో దీని కర్మాగారము వెలసినది.

కాని పాత మందుకు లేని ఒక దోషము దీనికి పుట్టుకతోనే ఉన్నది. సూరేకారపు మందు వట్టి మిశ్రమము; కలిపిన పదార్థాలు కలిపినట్లే ఉంటాయి. తుపాకిపత్తి రసాయనిక సంయోగము. అది తయారైన మరుక్షణము నుండి మెల్లమెల్లగా విడిపోతూనే ఉంటుంది. విడిపోయినప్పుడు పుట్టే ఆమ్లవాయువు మిగిలినదానిని మరింత త్వరగా విడదీస్తుంది. బుట్టలో కుళ్ళిన ఒక్క పండు పక్కపండ్లను కుళ్ళబెట్టినట్లే. ఈ క్రియకు వేడి కొరడాదెబ్బ వంటిది. పది డిగ్రీల వేడి పెరిగిన యెడల దాని వేగము ఇంచుమించు రెట్టింపు, ఒక్కొక్కప్పుడు అంతకు మించి, అవుతుంది. చలిదేశపు నేలమాళిగలో కొన్ని దశాబ్దాలు నిలిచే మందు మన వేసవిలో రేకుల కొట్టములో అందులో కొంత కాలమే నిలుస్తుంది. ఆ ఆమ్లమును పీల్చివేయుటకు డైఫినైలమీన్, కార్బమైట్ వంటి రక్షకద్రవ్యాలను మందులో కలుపుతారు. కాని వాటికీ ఒక హద్దు ఉన్నది. అవి అయిపోయిన నాడు మందుకు కాపు లేదు. ఫ్రెంచి యుద్ధనౌక ఈయెనా 1907లోను, లిబెర్తే 1911లోను తూలాన్ రేవులోనే పేలి వందలమందిని బలిగొన్నవి. ముసలిదైన మందు తనంతట తాను అంటుకొనుటయే వాటికి కారణమని నిర్ణయించినారు. శత్రువు లేడు, యుద్ధము లేదు. కొట్టులో దాచిన మందే శత్రువైనది.

టోపీకి వచ్చే చిక్కు మరొక తీరు. పాతకాలపు టోపీలలో పాదరసపు ఫల్మినేటు, పొటాసియం క్లోరేటు ఉండేవి. ఫల్మినేటు వేడికి చెడి మొద్దుబారుతుంది. అటువంటి తూటాను కాల్చినప్పుడు మీట నొక్కిన వెంటనే పేలక ఒక క్షణము తటపటాయించి పేలుతుంది, లేక పేలనే పేలదు. క్లోరేటు చేసే హాని తూటా పేలిన తరువాత కనిపిస్తుంది. అది గొట్టములో మన ఉప్పువంటి లవణమును మిగుల్చుతుంది. వానకాలములో ఉప్పుజాడీ చెమ్మగిల్లినట్లే ఆ లవణమును అంటి గాలిలోని తేమ చేరి, రాత్రికి రాత్రి ఉక్కును తుప్పు పట్టిస్తుంది. నూనె పూసిన గొట్టము కూడ ఎందుకు తుప్పు పడుతున్నదో చాలాకాలము అంతుపట్టలేదు. 1922లో అమెరికా గనులశాఖకు చెందిన హఫ్ అనే శాస్త్రజ్ఞుడు ఈ రహస్యమును బయటపెట్టినాడు. ఉప్పు నూనెలో కరగదు, నీటిలో కరుగుతుంది. అందుకే కాల్పులు ముగియగానే గరాటుతో మరుగునీటిని గొట్టములో పోసి కడుగుట ఆంగ్లేయుల సేనలో ఆచారమైనది.

ఇంతవరకు చెప్పినది తూటా లోపలి కథ. ఇది మన చరిత్రలో తగిలిన ఘట్టము ఒకటి ఉన్నది. 1947 నవంబరు 29న భారతప్రభుత్వముతో నిజాం యథాతథ ఒడంబడిక చేసుకున్నాడు. ఆయుధాలు, మందుగుండు సరఫరా ఆ దినాలలో ఇరుపక్షాల నడుమ పెద్ద వివాదమైనది. రైఫిళ్ళు ఎన్ని ఉన్నను తూటాలు పుట్టించే వనరు లేని రాజ్యము తన నిలువపైననే బ్రతకవలెను. 1948లో సిడ్నీ కాటన్ అనే ఆస్ట్రేలియా వైమానికుడు కరాచీ నుండి లాంకాస్ట్రియన్ విమానాలలో రాత్రివేళ ఆయుధాలను బీదరు, వరంగల్లు విమానాశ్రయాలకు చేరవేసినాడు. బీదరు మన వికారాబాదుతో రైలుమార్గమున ముడిపడిన పట్టణమే. రెండవ ప్రపంచయుద్ధము ముగిసి, మిగిలిన ఆయుధాలు, తూటాలు దేశదేశాలలో కుప్పలుగా పడి ఉన్న కాలమది. సెప్టెంబరు 13న మొదలైన సైనికచర్య 17వ తేదీన ముగిసినది. నిజాం పక్షాన పోరాడిన రజాకార్లలో అధికభాగము చేతిలో ఉన్నవి భర్మారులు, కత్తులు. వారికి ఎదురునిలిచిన తెలంగాణా రైతుదళాలకు కూడ తూటా అనేది ఎదుటివారి నుండి గుంజుకొనవలసిన వస్తువే. తుపాకి చేతికి వచ్చుట ఒక ఎత్తు, దానికి నమ్మదగిన తూటా దొరకుట మరొక ఎత్తు. 1946 నుండి 1951 వరకు సాగిన ఆ పోరాటములో చేతులు మారిన తూటాలు ఎన్ని కొట్టములలో, ఎన్ని చెట్లతొర్రలలో, ఎన్ని వానలకు తడిసి, ఎన్ని ఎండలకు కాగినవో మనము ఊహించుకొనవచ్చును.

ఆనాటి రైఫిలులో ఒక సుగుణము ఉండేది. త్రీనాట్‌త్రీలో ఒక తూటా కాల్చిన తరువాత సిపాయి తన చేతితో బోల్టును వెనుకకు లాగి ఖాళీ గుల్లను తీసివేసి కొత్త తూటాను ఎక్కించుకుంటాడు. మందు కొంచెము బలహీనమైనను గుండు కొంచెము దగ్గర పడుతుందే తప్ప తుపాకి ఆగదు. పని చేసేది మనిషి చేయి గనుక తూటా లోపమును ఆ చేయి సరిదిద్దుకుంటుంది. తరువాత స్వయముగా తూటా నెక్కించుకొనే రైఫిళ్ళు వచ్చినవి. అమెరికా సేన 1936లో జాన్ గరాండ్ నిర్మించిన రైఫిలును చేపట్టినది. మన దేశములో 1962 చైనా యుద్ధము తరువాత ఇషాపూర్ కర్మాగారమునుండి 7.62 మిల్లీమీటర్ల ఎస్.ఎల్.ఆర్. సేనలకు చేరినది. తరువాతి కాలములో పోలీసుల భుజాలమీద కూడ దానిని మనము చూచినాము.

ఈ రైఫిలులో మనిషి చేయి చేసే పనిని వాయువు చేస్తుంది. గుండు గొట్టములో పోతుండగా వెనుక వచ్చే వాయువులో కొంత భాగము ఒక రంధ్రము గుండా పైనున్న సన్నని గొట్టములోనికి పోయి ముషలకమును నెడుతుంది. ముషలకము బోల్టును వెనుకకు తోస్తుంది. గుల్ల ఎగిరి పడుతుంది. స్ప్రింగు బోల్టును ముందుకు నెట్టి కొత్త తూటా నెక్కిస్తుంది. ఇదంతా రెప్పపాటులో జరుగుతుంది. అందుకు వాయువు ఒత్తిడి ఒక హద్దులో ఉండవలెను. ఎండకు చెడిన మందు ఒత్తిడి తగ్గిన యెడల బోల్టు సగము దారిలో ఆగుతుంది. గుల్ల బయటికి రాక ఇరుక్కుంటుంది. మందు పలుకులు పెళుసై విరిగి ముక్కలైన యెడల మండే తలము పెరిగి ఒత్తిడి హద్దు మీరుతుంది, యంత్రభాగాలు దెబ్బతింటాయి. ఎస్.ఎల్.ఆర్.లో వాయువును ఎక్కువ తక్కువ చేసే మర ఒకటి ఉన్నది. కాని ఒక తూటా బలముగాను మరొకటి నీరసముగాను ఉన్న పెట్టెకు ఏ మర తిప్పి ఏమి లాభము? పగిలిన ఇత్తడి మెడ తెగి లోపల నిలిచిన యెడల తరువాతి తూటా లోపలికి పోదు. క్లోరేటు టోపీల లవణము గొట్టముతో ఆగక ముషలకము వరకు పోయి అక్కడ తుప్పు పెడుతుంది.

అన్నిటికన్న ప్రమాదకరమైనది ఆలస్యముగా పేలే తూటా. మీట నొక్కినాడు, పేలలేదు. తత్తరపాటులో వెంటనే బోల్టు లాగినాడు. తూటా బయటికి వస్తూ అతని ముఖము ముందు పేలుతుంది. మరొకటి ఉన్నది. నీరసపు మందు గుండును గొట్టము మధ్యలోనే వదిలివేయవచ్చును. అది గమనించక మరొక తూటా కాల్చిన యెడల గొట్టమే చీలుతుంది. తుపాకిని గురి వైపే ఉంచి కొంతసేపు ఆగవలెనని, గొట్టము పరిశీలించిన తరువాతనే మరల కాల్చవలెనని సైనిక శిక్షణలో ఇందుకే నేర్పుతారు.

తూటా అడుగున తయారుచేసినవారి గుర్తు, సంవత్సరము అచ్చుపోసి ఉంటాయి. కిర్కీవారి తూటాలమీద ఆంగ్లములో కె.ఎఫ్. అనే అక్షరాలు కనిపిస్తాయి. అది తూటాకు జన్మపత్రిక. కాని జన్మపత్రికలో పుట్టిన తేదీయే ఉంటుంది, పెరిగిన తీరు ఉండదు. చల్లని పొడి మాళిగలో పెట్టెలు విప్పక దాచిన 1940ల నాటి తూటాలు నేటికీ చక్కగా పేలుతున్న సందర్భాలున్నవి. రేకుల కొట్టములో ఎండకు కాగి, వానకు చెమ్మగిల్లి, వాటికన్న ఎంతో తరువాత పుట్టిన తూటాలు మొరాయిస్తున్న సందర్భాలూ ఉన్నవి. కాబట్టి పాతదా కొత్తదా అని అడుగుట చాలదు. ఎక్కడ నిలిచినది, ఎన్ని వేసవులు చూచినది అని అడుగవలెను.

తుపాకి మొరాయించుట వట్టి యంత్రలోపము కాదు, పరువు సమస్య కూడ. 2019 ఆగస్టులో బీహారులోని సుపౌల్ జిల్లాలో మాజీ ముఖ్యమంత్రి జగన్నాథ మిశ్రా అంత్యక్రియలు ప్రభుత్వ లాంఛనాలతో జరిగినవి. ముఖ్యమంత్రి సమక్షములో గౌరవవందనమునకు ఎత్తిన 22 రైఫిళ్ళలో ఒక్కటి కూడ పేలలేదు. ఉత్తరప్రదేశ్ పోలీసులు 2020 గణతంత్రదినమున త్రీనాట్‌త్రీకి లాంఛనముగా వీడ్కోలు పలికినారు. ఆ రైఫిలు నూరేండ్లకు పైగా మన దేశములో పనిచేసినది. ఉక్కు అంతకాలము నిలుస్తుంది. దానిలో పెట్టే తూటా నిలువదు. మనము తుపాకులను లెక్కపెట్టి బలమని తలుస్తాము. బలము పెట్టెలోని తూటాలో ఉన్నది. వందనమునాడు పేలని తూటా వలన తలవంపులు మాత్రమే. కర్తవ్యములో ఉన్న కానిస్టేబులుకు అదే పేలని యెడల ప్రాణమే పోవచ్చును.

ఇందుకు మార్గము మన రైతుకు తెలిసినదే. దౌల్తాబాదు రైతు నిలువచేసిన కందిగింజలను విత్తుటకు ముందు గుప్పెడు తీసి తడిగుడ్డలో కట్టి మొలక చూస్తాడు. నూటికి ఎన్ని మొలచినవో లెక్కించి విత్తనము పనికివచ్చునో రాదో నిర్ణయిస్తాడు. మందుగుండు డిపోలలో చేసేదీ ఇటువంటి పరీక్షయే. ఒకే తడవ తయారైన తూటాలలో కొన్నిటిని తీసి కాల్చి చూస్తారు; మందును వేడిచేసి, పిండి, అయొడైడు పూసిన కాగితము రంగు మారుటకు ఎంతసేపు పట్టినదో చూస్తారు. ఏబెల్ పేర నేటికీ నిలిచిన పరీక్ష ఇది. నెగ్గనిదానిని విడదీసి నాశనము చేస్తారు. పాతదానిని ముందు వాడుట, కొత్తదానిని వెనుక ఉంచుట, కొట్టు చల్లగా ఉంచుట, ప్రతి పెట్టెకు లెక్క వ్రాయుట – ఇంతే రహస్యము. పరీక్షించక విత్తిన రైతు ఒక పంట నష్టపోతాడు. పరీక్షించక పంచిన తూటాకు నష్టపోయేవాడు వేరొకడు. అతనికి ముందుగా తెలిసే అవకాశమే ఉండదు.

చివరగా ఒక మాట. మన ప్రాంతములోని పాత గడీలలో, పెద్దల ఇండ్లలో, అటకమీది ట్రంకుపెట్టెలో తాతలనాటి తూటాలు అప్పుడప్పుడు బయటపడుతుంటాయి. వాటిని చూడగానే మనకు దీపావళి జ్ఞాపకము వచ్చి, ఎండలో పెడితే సరి అనిపించవచ్చును. ఆ పని చేయరాదు. వాటిని విప్పరాదు, సుత్తితో తట్టరాదు, పొయ్యిలో గాని చెత్తమంటలో గాని వేయరాదు, పిల్లల చేతికి ఆటవస్తువుగా ఇవ్వరాదు. 1959 నాటి ఆయుధచట్టము ప్రకారము లైసెన్సు లేక తూటా ఉంచుకొనుట నేరము కూడ. ఉన్నచోటనే ఉంచి పోలీసుఠాణాకు తెలియజేసిన యెడల తెలిసినవారు వచ్చి తీసుకొనిపోతారు. చిచ్చుబుడ్డికి ఎండ మేలు చేస్తుంది, తూటాకు చేయదు. మన పెద్దలు నేర్పిన సూత్రము మంచిదే. అది ఏ మందుకు చెప్పినదో మరచిపోకుండుటయే మన పని.